యూదా వేషగాడి ఆటో

ఈ కథలో తప్పెవరిదో చివర్లో వెతుక్కోవాల్సిన పని లేదు. ముందే చెప్పేస్తున్నాను, నాదే. పాట రాసింది నేను, బాణీ కట్టింది నేను, ఆ వేషం ఎవరికివ్వాలో చెప్పింది కూడా నేనే. పేరు సాల్మన్ రాజు, తెలుగు మాస్టర్ని. ముప్ఫై ఏళ్ళుగా మా చర్చిలో హార్మోనియం వాయిస్తున్నాను. యాభై తొమ్మిదేళ్ళు నిండాయి. బుద్ధి ఉండాల్సిన వయసే.

మాది రెంటచింతలకి అయిదారు కిలోమీటర్ల అవతల ఊరు. ఎండలకి పేరుమోసిన ప్రాంతం. ఫిబ్రవరి వస్తే కల్లాల నిండా మిరపకాయలు పరిచి ఉంటాయి, ఊళ్ళో ఎవరి కళ్ళు చూసినా ఎర్రగానే ఉంటాయి. గంజాయి గురించి పేపర్లో చదవడమే తప్ప కంటితో చూసినవాడు మా ఊళ్ళో లేడు. అయినా సరే, మత్తుమందులకి వ్యతిరేకంగా ప్రతి స్కూలూ ఒక చిన్న సినిమా తీసి పంపాలని, మంచిదానికి జిల్లా బహుమతి ఇస్తారని ఈ ఏడు కబురొచ్చింది. బహుమతి అన్న మాట చెవిన పడితే మా స్కూలు కరస్పాండెంట్ నాగభూషణరావుగారు అన్నం కూడా తినరు. ఆ సాయంత్రమే నన్ను పిలిపించి, ఉత్త సందేశమైతే ఎవడూ చూడడని, పాటలుండాలని, డాన్సులుండాలని, చూసినవాడికి మూడు రోజులు జ్వరం రావాలని చెప్పారు.

నాకో జబ్బుంది. ఎవరైనా భయపెట్టమంటే నాకు నవ్వించబుద్ధవుతుంది. పాట ఇలా రాశాను.

ఒక్క పీల్పు పీల్చినోడు ఒంటికాలి మీద గెంతు
రెండో పీల్పు పీల్చినోడు రేకుల షెడ్డెక్కి డాన్సు
మూడో పీల్పు పీల్చినోడు ముసలితల్లిని సంతలో అమ్ము

ఇది విని ఆయన పడీపడీ నవ్వుతారనీ, నన్ను నాలుగు తిట్టి వేరేది రాయమంటారనీ అనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ముసలితల్లిని అమ్మే చోట గుండె పిండేసిందన్నారు. పైగా గంజాయి మనిషిని గుర్తుపట్టే లక్షణాలు కూడా ఒక చరణంలో పెట్టమన్నారు. సరే, అవీ రాశాను. కళ్ళెర్రగా ఉంటాయి, తనలో తాను నవ్వుకుంటాడు, జేబులో ఎప్పుడూ తీపి ఉంటుంది. ఈ లెక్కన మిరపకాయల రోజుల్లో మా ఊరు ఊరంతా గంజాయి బ్యాచ్చే కదండీ అన్నాను. అవన్నీ తల్లిదండ్రులు చూసుకుంటార్లే అన్నారాయన.

ఇక గంజాయి అమ్మే దుర్మార్గుడి వేషం. దానికి నేను క్షణం కూడా ఆలోచించలేదు. మా ఊళ్ళో దుర్మార్గుడంటే చిన్నప్పే.

చిన్నప్ప స్కూలు ఆటో తోలతాడు. ఒకప్పుడు నా దగ్గర చదివి ఏడో తరగతి తప్పినవాడు. వాడి ఆటోలో పద్నాలుగు మంది పిల్లలు. ఏ ఇంటి ముందు ఎన్నిసార్లు హారన్ కొట్టాలో, ఎవరికి బూటు లేసు కట్టుకోవడం రాదో, ఎవడు టిఫిను కుక్కకి పెట్టి ఖాళీ డబ్బా ఇంటికి తెస్తాడో అన్నీ వాడికి తెలుసు. వాడికీ, వాడి భార్య గ్రేసమ్మకీ పిల్లల్లేరు. పద్నాలుగు మందీ ఒక్కసారి "చిన్నప్ప మామా" అని ఎగబడితే వాడి మొహం చూసి తీరాలి. మా మనవరాలు వర్షిణి కూడా అందులో ఒకతె. వాళ్ళమ్మ నరసరావుపేటలో నర్సు, పిల్ల మా దగ్గరే ఉండి రెండో తరగతి చదువుతోంది. చిన్నప్పకి ఆ ఆటో తప్ప వేరే బతుకుతెరువు లేదు, వేరే సంబరమూ లేదు.

అలాంటివాడు దుర్మార్గుడెలా అయ్యాడంటే, గుడ్‌ఫ్రైడేకి మా చర్చిలో వేసే శ్రమల నాటకంలో పదకొండేళ్ళుగా యూదా వేషం వాడిదే. ప్రభువుని ముద్దుపెట్టుకుని పట్టించే ఆ చోట వాడు ఒక నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వుకి ముసలమ్మలు లేచి శాపనార్థాలు పెడతారు. ఒక ఏడు చెన్నమ్మవ్వ చెప్పు విసిరింది, గురి తప్పి హార్మోనియానికి తగిలింది.

అందుకే మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. మా నాన్నల కాలంలో యూదా వేషం వేసిన ఒకాయనకి నాటకం అయ్యాక ఊళ్ళో మంచినీళ్ళు కూడా పుట్టలేదట. అప్పటి ఫాదరుగారు ఇది చూసి ఒక పద్ధతి పెట్టారు. ఈస్టరు రోజు పూజ కాగానే యూదా వేషం వేసినవాడు చర్చి గుమ్మంలో నిలబడతాడు. బయటికొచ్చే ప్రతి మనిషీ వాడి భుజం మీద చెయ్యేసి, సొంత పేరు పెట్టి పిలిచి, నోట్లో బెల్లంముక్క పెట్టాలి. పిలిచినవాడు మళ్ళీ వాణ్ణి యూదా అనకూడదు. దీన్ని మేము పేరు పిలుపు అంటాం. శుక్రవారం పడ్డ తిట్లన్నీ ఆదివారం బెల్లంతో దిగిపోతాయి. సోమవారం వాడు మామూలుగా ఆటో తోలుకుంటాడు. వేషం తొలగించడం తెలిసిన ఊరు మాది. సినిమాకి ఈస్టరు ఉండదన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

మరో పద్ధతి కూడా ఉంది, కొంప ముంచింది అదే. మా నాటకంలో ఎవరి సామాను వాళ్ళే తెచ్చుకోవాలి. పిలాతు చేతులు కడుక్కునే బేసిను వాళ్ళింటిదే. రోమా సైనికుడు తన బండి హెల్మెట్టు తనే తెచ్చుకుంటాడు. సినిమాకి కూడా అలాగే కానిచ్చాం. దుర్మార్గుడికి బండి కావాలి కాబట్టి చిన్నప్ప తన ఆటోనే తెచ్చాడు. వెనకాల "ప్రభువే నా కాపరి" అని రాసి ఉన్న ఆటో, నంబరుతో సహా. తన ఖాకీ చొక్కానే తొడుక్కున్నాడు. గంజాయి పొట్లాలు కావాలంటే గ్రేసమ్మ పెరట్లో గోగాకు కోసి, ఎండబెట్టి, పేపరు ముక్కల్లో చుట్టి ఇచ్చింది. అదైతే చూడ్డానికి గంజాయాకులాగే ఉంటుందని కంప్యూటర్ సారు ఫోన్లో బొమ్మ చూపించాడు.

రెండు ఆదివారాల్లో కంప్యూటర్ సారు ఫోన్లోనే తీసేశాం. చిన్నప్ప ఆటోలోంచి తల బయటపెట్టి పిల్లాడికి పొట్లం అందిస్తూ ఆ యూదా నవ్వు నవ్వాడు. మూడు పీల్పుల పాటకి పిల్లలు ఒంటికాలి మీద గెంతారు. చివర్లో అందరూ కలిసి మిరపకాయల పొగ పెట్టి దుర్మార్గుణ్ణి ఊరి పొలిమేర దాకా తరిమారు. ఆ పొగకి నిజంగానే అందరం ఊపిరాడక దగ్గాం, అది కూడా సినిమాలో ఉంచేశాం.

స్కూల్లో వేసిన రోజు తల్లిదండ్రులంతా వచ్చారు. ముసలితల్లిని సంతలో అమ్మే చోట గోడలు అదిరేలా నవ్వారు. నా పాటకి అంత నవ్వు ఎప్పుడూ రాలేదు. లక్షణాల చరణం వచ్చేసరికి మాత్రం కొందరు తల్లులు నవ్వాపి శ్రద్ధగా విన్నారు. ఒకావిడ ఫోన్లో రికార్డు కూడా చేసుకుంది. నేను గర్వంగా చూశాను, గాడిదలా.

నాలుగు రోజుల తర్వాత ఒక వీడియో ఫోన్లలో తిరగడం మొదలైంది. పాట లేదు, గెంతులు లేవు, మిరపకాయల పొగ లేదు. చిన్నప్ప తల బయటపెట్టడం, పొట్లం ఇవ్వడం, నవ్వడం. అంతవరకే కత్తిరించి, కింద ఎవరో భయం పుట్టించే సంగీతం పెట్టారు. స్కూలు ఆటోల్లో గంజాయి, తల్లిదండ్రులారా జాగ్రత్త అని పైన రాశారు. కారంపూడిలో ఉండే మా బంధువు అదే వీడియో నాకే పంపి, మీ వైపేనట, పాప జాగ్రత్త బావా అన్నాడు. అది నేనే రాశానురా అని జవాబిస్తే, ఊరుకో బావా, అన్నీ వేళాకోళాలే నీకు అన్నాడు.

మొదట ఇద్దరు పిల్లలు రావడం మానేశారు. తర్వాత మరో ముగ్గురు. నేను ఇల్లిల్లూ తిరిగాను. విచిత్రం ఏమిటంటే చిన్నప్ప గంజాయి అమ్ముతాడని నాతో ఒక్కరు కూడా అనలేదు. అందరికీ తెలుసు. అందరూ సినిమా చూసి నవ్వినవాళ్ళే. అపర్ణమ్మ అని, ఇద్దరు పిల్లల తల్లి, నాకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"నాకు తెలవదా మాస్టారూ, అదంతా ఉత్తుత్తిదేనని. కానీ నిప్పు లేందే పొగ రాదంటారు గదా."

"ఆ నిప్పు నేనేనమ్మా. కూర్చుని రాసింది నేను."

"మీరు రాశారు, సరే. మరి అంత బాగా ఎట్టా చేశాడు? ఏమీ తెలవకుండానే చేస్తాడా?"

చెడ్డగా చేసి ఉంటే బతికిపోయేవాడు. ఆవిడ అంతటితో ఆగలేదు. చిన్నప్ప కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటున్నాయంది. పిల్లల్ని దింపాక వాడు కల్లాల నుంచి మిరపకాయల బస్తాలు, మేము టిక్కీలంటాం, మోస్తాడు, ఉండవా మరి. ఆటో తోలుతూ తనలో తాను నవ్వుకుంటాడంది. వెనకాల పిల్లలు చెప్పే కబుర్లకి ఎవడైనా నవ్వుతాడు. జేబులో ఎప్పుడూ చాక్లెట్లుంటాయంది. ఏడ్చే పిల్లలకివ్వడానికి ఉంచుకుంటాడని ఆవిడ పిల్లలకే తెలుసు. నేను రాసిన చరణం నాకే అప్పజెప్పింది, ఒక్క మాట తప్పు పోకుండా.

ఇంతలో ఎవరో స్టేషనుకి ఫోను చేశారు. పోలీసులొచ్చి ఆటో వెతికితే సీటు కింద రెండు పొట్లాలు దొరికాయి. షూటింగు రోజు మిగిలినవి. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను. కానిస్టేబుల్ పొట్లం విప్పి వాసన చూసి, ఇది గోగాకు సార్, మా ఇంట్లో పప్పులో వేస్తాం అన్నాడు. ఎస్సైగారు కూడా వాసన చూశారు. కుర్రాడు, చెడ్డవాడు కాదు. నాకు కుర్చీ వేయించాడు.

"నీకు తెలుసు, నాకు తెలుసు, మాస్టరుగారికీ తెలుసు. కాయితానికి తెలవాల గదా," అన్నాడు కానిస్టేబుల్‌తో.

పొట్లాలు పరీక్షకి వెళ్ళాయి. ఆటో స్టేషను ఆవరణలో వేపచెట్టు కింద ఆగిపోయింది. పంతొమ్మిది రోజులు. అన్ని రోజులూ చిన్నప్ప పొద్దున్నే సైకిలు మీద వెళ్ళి దాని అద్దాలు తుడిచి వచ్చేవాడు. పిల్లల్ని పక్క వీధి జమీరు తన ఆటోలో ఎక్కించుకున్నాడు. చిన్నప్పా వాడూ ఒక్క కంచంలో తినేవాళ్ళు. ముందు నావల్ల కాదని జమీరు మొండికేస్తే, పిల్లలు ఎండలో నడుస్తన్నారు, తోల్రా అని చిన్నప్పే బతిమాలాడు.

కాయితం వచ్చింది. గోగాకు అని ఉంది. నేను దాన్ని ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టాను. ముగ్గురు బొటనవేలు చూపించారు. ఆ వీడియో అప్పటికి ఎన్ని వేలమంది చూశారో నాకు తెలియదు. కాయితానికి సంగీతం లేదుగా, ఎవరు చూస్తారు? ఆటో వచ్చేసింది గానీ అందులో ఎక్కడానికి అయిదుగురే మిగిలారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత ఏటా పిల్లలకి అర్థం చెప్పేవాణ్ణి. నాకే అర్థమైంది ఇప్పుడు.

ఆ రోజు సాయంత్రం గ్రేసమ్మ మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. తిట్టినా బాగుండేది.

"అన్నయ్యా, యూదా వేషం వేసినా ఊరు ఆయన్ని మళ్ళీ మనిషిని చేసేది. ఇప్పుడెవురు చేస్తారు?" అంది.

ఆ మాట పట్టుకుని నేను ఫాదరుగారి దగ్గరికి పరుగెత్తాను. పేరు పిలుపు ఈ ఆదివారమే పెడదామన్నాను. ఆయన ఇబ్బందిపడ్డారు. ఇది తపస్కాలం, ఉపవాసాల రోజులు, బెల్లం ఏమిటి, ఈస్టరు ఇంకా మూడు వారాలుంది కదా అన్నారు. ఈస్టరు దాకా వాడు ఆగలేడు ఫాదర్ అన్నాను. ఆయన సిలువ వంక చూసి, సరే అన్నారు.

నిజం చెప్పాలి. ఆ ఆదివారం మా ఊరి మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది. అందరూ వచ్చారు. మా మతం కానివాళ్ళు కూడా వచ్చి వరసలో నిలబడ్డారు, జమీరు వచ్చాడు, పిల్లల్ని మాన్పించిన అపర్ణమ్మ కూడా వచ్చింది. మొదట నేనే భుజం మీద చెయ్యేసి "చిన్నప్పా" అని పిలిచాను. తర్వాత మా ఆవిడ సలోమి పిలిచి, బెల్లంముక్క పెట్టి, వాడి మూతి తన కొంగుతో తుడిచింది. చెన్నమ్మవ్వ పేరు పిలిచి ముద్దుపెట్టుకుంది. చిన్నప్ప పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే ప్రతి ఒక్కరికీ దణ్ణం పెట్టాడు. దిగిపోయింది, వేషం దిగిపోయింది అనుకున్నాను. ఆ మధ్యాహ్నం చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నాను.

సాయంత్రం కారంపూడి బంధువు మళ్ళీ వీడియో పంపాడు. చర్చి గుమ్మంలో చిన్నప్ప దణ్ణాలు పెడుతూ ఏడుస్తున్నాడు. ఊరంతా వరసగా వచ్చి భుజం తడుతోంది. పైన రాసి ఉంది, గంజాయి అమ్మిన ఆటోడ్రైవరు, ఊరి ముందు కన్నీటితో పశ్చాత్తాపం. మా ఊరివాళ్ళెవరో ప్రేమగా తీసి గ్రూపులో పెట్టుకున్నదే అది. కిందంతా చేతులు జోడించిన బొమ్మలు. దేవుడు క్షమిస్తాడు అని ఒకరు రాశారు. క్షమిస్తాడు సరే, పిల్లల్ని మాత్రం ఎక్కించకండి అని ఇంకొకరు.

మర్నాడు నలుగురు మానేశారు. ఈసారి వాళ్ళని నేనేమీ అడగలేకపోయాను. చేయని తప్పుకి వాడి చేత ఊరంతటి ముందు దణ్ణం పెట్టించింది నేనే కదా.

అదే వారంలో నరసరావుపేటలో మా సినిమాకి మొదటి బహుమతి వచ్చింది. చిన్నప్పని పిలుద్దామంటే, వాణ్ణి వేదికెక్కిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు మాస్టారూ అన్నారు నాగభూషణరావుగారు. నన్ను నిలబెట్టి శాలువా కప్పారు. మత్తు నిర్మూలనకి కలం పట్టిన యోధుడన్నారు. పాట పాడమంటే పాడాను. హాలంతా చప్పట్లతో తాళం వేసింది. మూడో పీల్పు దగ్గర నేను పాట ఆపేస్తే, జనం దాన్ని కూడా నటనే అనుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

బుధవారం పొద్దున ఏడూ నలభైకి మా గేటు ముందు హారన్ మోగింది. రెండుసార్లు, ఎప్పటిలాగే. మిగిలింది మా వర్షిణి ఒక్కతే. పిల్ల యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని, ఒక బూటు లేసు ఊడి వేలాడుతుంటే గుమ్మం వైపు పరుగెత్తింది. లేసు చిన్నప్ప మామ కడతాడని రోజూ అలాగే వదిలేస్తుంది. సలోమి దాని రెక్క పట్టుకుని ఆపింది.

"ఈ వారానికి జమీరు ఆటోలో పోనీ. నాకు తెలవదా వాడెట్టాంటోడో. కానీ వాళ్ళమ్మ అక్కణ్ణుంచి ఫోన్ చేసి ఏడుస్తంది. రేపేదన్నా అయితే ఎవురు జవాబు చెప్తారు?"

అంతా సినిమా అని నేను నా కూతురికి చెప్పాను, రాత్రంతా చెప్పాను. నాన్నా, మీరు చెప్పేది నిజమే, అయినా వద్దు అంది. నాకు కోపం రావాలి. రాలేదు. వీధిలో ఒకటి రెండు గుమ్మాల్లో మనుషులు నిలబడి మా గేటు వైపే చూస్తున్నారు. మాస్టరు ఎక్కిస్తాడా లేదా అని. నేను ఎక్కించి ఉంటే, ఏమో, రేపు ఇంకొకరు ఎక్కించేవాళ్ళేమో.

గేటు దాకా వెళ్ళాను. పాపకి జ్వరంగా ఉందని చెప్పాను.

చిన్నప్ప నా మొహం చూడలేదు. నా వెనక్కి చూశాడు. అక్కడ వర్షిణి బ్యాగు వేసుకుని నిలబడి ఉంది, టై కూడా కట్టుకుని. వాడు జేబులోంచి ఒక చాక్లెట్ తీశాడు. ఇవ్వబోయి, గుమ్మాల్లో మనుషుల్ని చూసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

"సరే మాస్టారూ. లేసు ఊడింది, కట్టండి. పడిద్ది," అన్నాడు.

ఆటో తిప్పుకున్నాడు. పేరు పెట్టి పిలుద్దామనుకున్నాను. ఒక్కసారి "ఒరేయ్ చిన్నప్పా" అంటే ఆగేవాడు. పదిరోజుల కిందట ఊరందరికంటే ముందు పిలిచిన నోరే ఇది. పేరు నోటిదాకా వచ్చింది. అందరూ చూస్తున్నారు.

ఖాళీ ఆటో వీధి చివర దాకా వెళ్ళింది. మొదటి ఇంటి ముందు రెండుసార్లు, మలుపులో ఒకసారి, రోజూ కొట్టే చోటల్లా హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. నేను కింద కూర్చుని పిల్ల బూటు లేసు కట్టడానికి ప్రయత్నించాను. వాడు కట్టినట్టు నాకు రాలేదు.